చేతిమార్పు

ఆ వేసవి మొదట్లోనే సీసాల ఫ్యాక్టరీ ఆఫీసుకి తాళం పడింది. మేనేజర్లు బల్లల మీది ఫ్యాన్లతో సహా విప్పుకుని కార్లలో వేసుకుపోయారు. కొలిమిని మాత్రం పట్టుకుపోలేకపోయారు. అది మండుతూనే ఉంది.

మా వీధిలో ప్రతి ఇంటికీ ఆ ఫ్యాక్టరీతో సంబంధం ఉంది. మా ఇంటికి రెండు తరాల సంబంధం. ఒకప్పుడు మా మామగారు, తర్వాత నా కూతురు. మామగారు కొలిమి ముందు నిలబడీ నిలబడీ కనుబొమలు మళ్ళీ మొలవని మనిషి. అమ్మాయి సీసాల్ని దీపానికి అడ్డంపెట్టి పగుళ్ళు వెతికే పనిలో ఉండేది. నేను చదివింది ఏడో తరగతి, చేసేది ఇంటిపని. ఇంటిపని అంటే మా ప్రాంతపు నాయకుడి ఇంట్లో. మా ఆయన పోయి చాలాకాలమైంది కాబట్టి మా ఇంట్లో భయపడే పని మొత్తం నా ఒక్కదాని మీదే పడింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోయే రకం. అమ్మాయి ఫోను ఎత్తకపోతే లారీ కింద పడిందనుకుంటాను. ఎత్తితే, గొంతు అలా ఉందేమిటి, ఏం దాస్తోందీ అనుకుంటాను.

"అయిపోయిందమ్మా. ఇక అయిపోయింది," అన్నారు మామగారు ఒకరోజు పొద్దున్నే, పేపరు మడిచి తొడ మీద కొట్టుకుంటూ.

నా చేతిలో గిన్నె జారింది. "ఎవరు మామయ్యా? ఎవరికేమైంది?"

"ఎవరికీ కాదు. పెట్టుబడి వ్యవస్థకి. బ్యాంకులు మునుగుతున్నాయి చూడు. ఇదే దానికి చివరి దమ్ము."

"నువ్వు పుట్టినప్పట్నుంచీ అది చివరి దమ్ము మీదే ఉందటగా తాతా," చెప్పులు వేసుకుంటూ అంది అమ్మాయి. "దాని దమ్ము ఆగేలోపు మన దమ్ము ఆగేట్టుంది."

"నవ్వు, నవ్వు. కొలిమి ఎన్నాళ్ళు నిలుస్తుందే? లోపల ఇటుక అరిగేదాకా. అరిగాక కూలుతుంది. కూలాక కొత్త ఇటుక పెట్టి కడతారు. ఇదీ అంతే."

"మళ్ళీ కడితే ఇంక పోయిందెక్కడ?"

మామగారు గడ్డం గోక్కున్నారు. "కూలినప్పుడు పడేది మన నెత్తినే. కట్టేటప్పుడు ఇటుకలు మోసేదీ మన నెత్తినే. ఈసారైనా నెత్తి మారాలంటున్నాను."

"ఆ నెత్తికి కాస్త నూనె రాసి వెళ్ళనా?" అని ఆయన బోడితల మీద ఒకటి తట్టి వెళ్ళిపోయింది. నేను వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. అది నాకు రోజూ అలవాటే. మలుపు తిరిగాక ఏం జరుగుతుందోనని ఇంకాసేపు నిలబడటం కూడా అలవాటే.

కొలిమి అంటే పొయ్యిలాంటిది కాదు. గదంత తొట్టి, దానిమీద ఇటుకల కప్పు, లోపల ఎర్రగా పాకంలా కరిగిన గాజు. పగలూ రాత్రీ ఆరకూడదు. ఆరిందంటే లోపలి గాజు గడ్డకట్టి, బిగుసుకుని, చుట్టూ ఉన్న ఇటుకలన్నిటినీ చీల్చేస్తుంది. ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. కొలిమి బతికున్నన్నాళ్ళూ అది ఫ్యాక్టరీ. చల్లారితే ఊరి నడిబొడ్డున ఖాళీ స్థలం. ఆ స్థలం మీద పెద్దవాళ్ళ కళ్ళున్నాయని మా వీధిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

అందుకే పనివాళ్ళు ఇళ్ళకి వెళ్ళలేదు. జీతం లేదు, సీసా ఒక్కటి తయారు చేయడం లేదు. ట్యాంకులో మిగిలిన నూనెతో మంటని సన్నగా పెట్టి, వంతులు వేసుకుని కాచుకున్నారు. మగవాళ్ళు సగంమంది వేరే పనులు వెతుక్కుంటూ పోయేసరికి ఆడవాళ్ళు కూడా వంతులు తీసుకున్నారు. అమ్మాయి మధ్యాహ్నం వంతు అడిగి మరీ వేయించుకుంది. మామగారు మురిసిపోయారు. నేను ఆ రోజు అన్నం తినలేదు.

వంతు మారడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. కొలిమి ముందు నిలబడే మనిషి చేతిలో పొడుగాటి ఇనుపకడ్డీ ఉంటుంది. దాన్ని గోడకి ఆనించరు, నేలమీద పెట్టరు. తర్వాతి మనిషి వచ్చి చేత్తో అందుకున్నాకే మొదటి మనిషి అక్కణ్ణుంచి కదులుతాడు. అతను రాకపోతే ఇతను నిలబడే ఉంటాడు. దాన్ని చేతిమార్పు అంటారు. నేను క్యారియరు పట్టుకుని వెళ్ళినప్పుడల్లా నా కళ్ళతో చూశాను.

అమ్మాయికి కడ్డీ ఇచ్చేది మా పక్కింటాయన. మనిషి పొడుగు, మెడ అంతకంటే పొడుగు, నడిస్తే అంగలే. మామగారు ఎప్పుడో పెట్టిన పేరు నిప్పుకోడి. ఊరంతా అదే పేరు. నేను అన్నయ్యా అంటాను, అమ్మాయి మావయ్యా అంటుంది.

"ఇది పేలదు కదా అన్నయ్యా?" అని నేను వెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని.

"పేలదమ్మా. దీనికి కోపం రాదు. అలక వస్తుంది, అంతే. చల్లబడిపోతుంది."

"మరి ఆ చప్పుడేమిటి?"

"అది నా కడుపు. మీ అమ్మాయి ఆలస్యంగా వస్తే అలాగే మోగుతుంది."

"అబ్బా, ఇంకా గంట కొట్టలేదు మావయ్యా!" అని అమ్మాయి కడ్డీ అందుకునేది. మొహం ఎర్రగా మెరుస్తూ ఉండేది. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే అనిపించేది నాకు. ఆ ఎర్రదనం చూసి కూడా భయపడేదాన్ని.

అది ఓట్ల కాలం కూడా. ట్యాంకులో నూనె అడుగంటుతోందని అందరూ బెంగపడుతున్న వారంలోనే మా సార్ వచ్చారు. మా సార్ అంటే నేను పనిచేసే ఇంటి నాయకుడు. ఉత్తచేతులతో రాలేదు, వెనక నూనె ట్యాంకరుతో వచ్చారు, దాని వెనక కెమెరాలతో. ఖాళీ డ్రమ్ము మీదకెక్కి, "ఈ మంట ఆరితే నా ప్రాణం ఆరినట్టే! రేపు గెలిచినా ఓడినా ఈ గేటు ముందే కూర్చుంటాను!" అన్నారు. చప్పట్లే చప్పట్లు.

"ఓట్లు పడేదాకా నూనె పోస్తాడు," అని గొణిగారు మామగారు.

"పొయ్యనీ పెద్దాయనా," అన్నాడు అన్నయ్య. "ఎవడు పోశాడని నూనె అడుగుతుందా? మండుతుంది."

ఆ రోజు వీధిలో నా పరపతి పెరిగింది. "మీ సార్ మాట మీద నిలబడే మనిషి వదినా," అంది అన్నయ్య భార్య. నేనేదో నా చేత్తోనే నూనె పోసినట్టు తల ఊపాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. కీడు ఎంచాల్సిన రోజున ఎంచలేదు.

సార్ గెలిచారు. గెలిచిన కొద్దిరోజులకి వాళ్ళ భోజనాల బల్ల మీదకి ఒక బొమ్మ ఊరు వచ్చింది. అట్టతో చేసిన మేడలు, స్పాంజి చెట్లు, గోరంత మనుషులు, ఒక మనిషి చేతిలో గొడుగు కూడా. అమ్మగారు నాకు మెత్తటి కుంచె ఇచ్చి, దుమ్ము పడకుండా తుడుస్తూ ఉండమన్నారు. మొదట్లో ముచ్చటగానే ఉండేది. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ రోడ్డు వంపు చూశాను. ఆ వంపు నాకు తెలుసు. దాని పక్కన నీళ్ళ ట్యాంకు తెలుసు. కొలిమి ఉండాల్సిన చోట నీలం రంగు చెరువు ఉంది, చుట్టూ బల్లలు. మా వీధి ఉండాల్సిన చోట ఏమీ లేదు. పచ్చరంగు పూసి ఉంది. కుంచె మా ఇంటి మీద ఆపి కాసేపు నిలబడ్డాను.

ఆ రోజే ముందు గదిలో సార్‌తో పాటు ఫ్యాక్టరీ యజమాని తాలూకు మనిషి, ఒక పోలీసు ఆఫీసరు కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళాను.

"పాతది కూలితేనే కదండీ కొత్తది లేచేది," అంటున్నాడు యజమాని మనిషి. "కూలడం, లేవడం, మళ్ళీ కూలడం. లోకం తీరే అది. దానికి ఏడుస్తూ కూర్చుంటే ఎలా?"

ఆ మాట నేను మా ఇంట్లో కూడా విన్నాను. కానీ ఇక్కడ దాన్ని బిస్కెట్లు తింటూ అన్నారు.

నన్ను చూసి సార్ మాట ఆపలేదు. పనిమనిషి వచ్చిందని మాట ఆపే ఇల్లు కాదది, కుర్చీ ఉందని ఎవరూ మాట ఆపరు కదా. "రేపు భోజనాల వేళకి కానిచ్చేయండి. అప్పుడు జనం పలచగా ఉంటారు. నేను ఊళ్ళో ఉండను," అన్నారు.

వంటింట్లోకి వచ్చి పడ్డాను. అమ్మగారు వెనకాలే వచ్చారు. చెడ్డమనిషి కాదు ఆవిడ. నాకు జ్వరమొస్తే మాత్రలు ఇచ్చేవారు.

"మీ అమ్మాయిది ఏ వంతు?"

"మధ్యాహ్నం అమ్మగారూ."

"రేపు పంపకు."

నేను నోరు తెరవబోయాను.

"నేను చెప్పానని ఎక్కడా అనకు. అందర్నీ ఆపడం నా వల్ల కాదు, నీ వల్లా కాదు. నీ పిల్లని నువ్వు ఆపుకో. నీ మీద అభిమానం కొద్దీ చెప్తున్నాను."

చేతులు జోడించాను. నటన కాదు. ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది నిజంగా. మిగిలిన బిస్కెట్లు కాగితంలో చుట్టి ఇస్తే అవి కూడా తీసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వదిన వాళ్ళ మెట్ల మీద కూర్చుని అన్నయ్య చొక్కాకి మాసిక వేస్తోంది. నిప్పురవ్వలు పడి ఆ చొక్కాకి గుడ్డ కంటే చిల్లులే ఎక్కువ.

"ఏంటి వదినా, మొహం అలా వేలాడేశావు? సార్ గారి కుక్కకి జలుబు చేసిందా?"

"రేపు అన్నయ్యది పొద్దుటి వంతేనా?"

"ఎప్పుడూ అదేగా. మీ అమ్మాయి వెళ్తే వచ్చి, తిని, దున్నపోతులా పడుకుంటాడు. ఏం, ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే."

"నీ ఊరికే నాకు తెలీదా? మళ్ళీ ఏ పీడకల వచ్చిందో చెప్పు."

నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో కూడా కళ్ళ ముందుకి వచ్చింది. చెప్పిన మరుక్షణం వీధంతా లేస్తుంది. కర్రలు, రాళ్ళు, గేటు ముందు గోడలా మనుషులు. ఆ గోడలో మొదటి ఇటుక నా కూతురే. దాని తల పగలడం, ఆ రక్తం, నేను పరిగెత్తడం, అంతా చూసేశాను ఆ మెట్ల ముందు నిలబడే. ఎవరు చెప్పారని తర్వాత సార్ ఇంట్లో అడుగుతారు. ఉన్న ఒక్క పనీ పోతుంది. ఇదంతా ఒక్క గుక్కలో ఆలోచించాను. అన్నయ్య ఎలాగూ ఆ వేళకి ఇంటికి వచ్చేస్తాడు, అమ్మాయి వెళ్ళదు, అక్కడ ఎవరో ఒకరు ఉంటారులే అనుకున్నాను. ఎవరో ఒకరు అనుకున్నప్పుడు మొహం కనిపించదు, అందుకని తేలిక.

"పీడకలేం కాదు వదినా. ఎండకి తల పోటు," అన్నాను.

"ఉల్లిపాయ తలకి రాసుకో. బిస్కెట్లా అవి?"

సగం ఆవిడకే ఇచ్చేశాను.

మర్నాడు అమ్మాయి జడ వేసుకుంటుంటే వంటింటి గడప పట్టుకుని కింద కూర్చున్నాను.

"ఒసే, కళ్ళు తిరుగుతున్నాయే."

"నిన్న తల, మొన్న గుండె, అంతకుముందు కిడ్నీ. ఇవాళ కళ్ళా?" అద్దంలోంచే నవ్వింది. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. నా చేతులు వణుకుతున్నాయి, చెమట కారుతోంది. అబద్ధం ఆడటానికి కూడా నేను భయపడతాను కాబట్టి ఆ వణుకూ చెమటా నిజమైనవే. అది పరిగెత్తుకొచ్చి నన్ను పొదివి పట్టుకుంది. "అమ్మా! అమ్మా, ఇటు చూడు. తాతా, నీళ్ళు!"

నన్ను పడుకోబెట్టి, తడిగుడ్డ కళ్ళ మీద వేసింది. ఒక చేత్తో విసురుతూ, ఇంకో చేత్తో ఫోను నొక్కి, స్పీకరు పెట్టి పక్కన పెట్టింది.

"మావయ్యా, అమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. ఇవాళ రాలేను. ఎవర్నైనా పంపనా?"

"ఎవర్ని పంపుతావే, అందరూ తిండికి పోయారు. గేటు దగ్గర ఇద్దరే ఉన్నారు, వాళ్ళకి కడ్డీ ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. నేను ఇంకో వంతు నిలబడతాలే."

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు కదా?"

"నిప్పుకోడికి నిప్పే మేత. మీ అమ్మని చూసుకో. నిమ్మకాయ నీళ్ళు పట్టించు. భయపడీ భయపడీ ఆవిడ ఒంట్లో రక్తం ఇంకించేసుకుంది పాపం."

"సరే మావయ్యా. సాయంత్రం వచ్చి అందుకుంటా."

నేను ఆ తడిగుడ్డ కింద కళ్ళు తెరిచే ఉన్నాను. గుడ్డ తీసి ఫోను అందుకోవచ్చు. చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. అమ్మాయి విసురుతూనే ఉంది. గాలి చల్లగా తగులుతోంది.

కాసేపటికి వీధి చివర బళ్ళు వెళ్ళిన చప్పుడు. పెద్ద బళ్ళు. మామగారు కర్ర అందుకుని గుమ్మంలోకి వెళ్ళారు. అరుపులు వినిపించాయి, ఎక్కువసేపు కాదు. ఆ తర్వాత ఇంకో చప్పుడు. ఎండుకొమ్మ విరిగినట్టు ఒకటి. ఆగి ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా.

"ఇటుక," అన్నారు మామగారు. గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయారు.

అమ్మాయి లేచి పరిగెత్తింది, చెప్పులు కూడా లేకుండా. నేను లేచి దాని వెనకాల పరిగెత్తాను. పరిగెత్తగలనని అదప్పుడు చూడలేదు.

జరిగింది ఇది. వాళ్ళు ముందు బయట ట్యాంకు దగ్గర నూనె గొట్టం కట్టేశారు. తర్వాత, నిప్పు ప్రమాదం రాకుండా అని చెప్పి, ఫైరింజను గొట్టాలు లోపలికి తిప్పారు. ఒక పోలీసు కుర్రాడు అన్నయ్యని బయటికి రమ్మని బతిమాలాడట. "నా చేతిలోది అందుకునే మనిషి రానీ," అన్నాడట ఈయన. నీళ్ళు కొలిమి మీద పడగానే ఆవిరి ఒక్కసారిగా ఎగిసి మొహం మీద కొట్టింది.

రాత్రి వార్తల్లో సార్ వేరే ఊరినుంచి మాట్లాడారు. చాలా బాధగా ఉందన్నారు. విచారణ జరిపిస్తామన్నారు. పాత గాయాల మీంచే కొత్త అభివృద్ధి లేస్తుందన్నారు. మామగారు టీవీ కట్టేశారు.

"పడుతుంది, పడుతుంది అన్నాను ఇన్నాళ్ళూ," అన్నారు నా వైపు చూడకుండా. "పడింది. మనది."

ఆస్పత్రిలో అన్నయ్యకి రెండు కళ్ళ మీదా కట్టు, రెండు చేతులకీ కట్టు. ఒక కన్ను పూర్తిగా పోయిందన్నారు. రెండోదానికి వెలుగూ చీకటీ తెలిస్తే అదృష్టమన్నారు. వదిన పగలు ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది. పగలు ఆయన దగ్గర అమ్మాయి ఉండేది. నేను పని అయ్యాక క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. మంచం దాకా వెళ్ళేదాన్ని కాదు. తలుపు దగ్గర అమ్మాయి చేతికి ఇచ్చి వచ్చేసేదాన్ని.

ఒకరోజు అమ్మాయి, "లోపలికి రామ్మా, ఆ గిన్నె కాస్త పట్టుకో, తినిపించాలి," అంది. వెళ్ళాను. గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. నేను వచ్చానని ఆయనకి తెలీదు.

అమ్మాయి ముద్ద పెడుతుంటే అడిగాడు: "మీ అమ్మకి ఎలా ఉందే? ఆ కళ్ళు తిరగడం తగ్గిందా?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను గిన్నెలోకి చూశాను.

"తగ్గింది మావయ్యా."

"డాక్టరుకి చూపించండి. అశ్రద్ధ చేయకండి. నా దగ్గర ఇంతసేపు ఎందుకు, ఇంటికెళ్ళి ఆవిడ దగ్గరుండు." మెల్లగా నమిలాడు. "ఇంకోటి పెట్టు. ఇక్కడ పడుకుని నాకు ఒకటే ఆలోచనే అమ్మాయ్. ఒక్క పూట ముందు తెలిసుంటే చాలు."

"తెలిసుంటే గేటు దగ్గర వెయ్యిమందిమి ఉండేవాళ్ళం," అంది అమ్మాయి పళ్ళు బిగించి.

"ఛ, ఛ. కొట్లాట దేనికే? కొలిమిలో గాజంతా కిందికి వదిలేసేవాళ్ళం. ఒక రాత్రి పని. ఖాళీ కొలిమిని మెల్లగా చల్లారిస్తే ఇటుక చెక్కుచెదరదు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు వెలిగించుకోవచ్చు. పోలీసులు వచ్చేసరికి మనమే తాళం వేసి, తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి, దండం పెట్టి ఇంటికి పోయేవాళ్ళం. ఒక్కడికి దెబ్బ తగిలేది కాదు. ఆ తర్వాత కోర్టులో చూసుకునేవాళ్ళం. కొలిమి బతికుండేది కదా మరి." గుటక వేశాడు. "మీ తాతనడుగు, ఆయనకీ తెలుసు."

నేను మామగారిని అడగలేదు. ఎవర్నీ అడగలేదు. మెట్ల ముందు నిలబడి నేను చూసిన కర్రలూ రాళ్ళూ రక్తమూ, అవేవీ జరిగేవి కాదు. అవి నా తలలో తప్ప ఎక్కడా లేవు.

"నాకు తెలుసు అన్నయ్యా," అన్నాను.

ఆయన తల నా గొంతు వచ్చిన వైపు తిరిగింది. "ఎవరూ? అమ్మా, నువ్వా? ఎప్పుడొచ్చావు?"

"ముందు రోజే తెలుసు. అమ్మగారు చెప్పారు. అమ్మాయిని పంపొద్దని చెప్పారు. నాకు ఆ రోజు కళ్ళు తిరగలేదు."

అమ్మాయి చేతిలో ముద్ద అలాగే ఉంది. పక్క మంచం దగ్గర ఎవరో దగ్గుతున్నారు. అన్నయ్య కళ్ళ మీద కట్టు ఉంది కాబట్టి ఏమనుకుంటున్నాడో తెలుసుకునే దారి కూడా నాకు లేదు. నోరు తెరిచాడు.

"ఇంకో ముద్ద పెట్టమ్మా," అన్నాడు అమ్మాయితో.

పెట్టింది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అది ఖాళీ అయ్యేదాకా.

వదిన మాత్రం అంది. ఆ సాయంత్రమే మా గుమ్మం ముందుకి వచ్చి నిలబడింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ఒక్క మాట వదినా. ఆయన చొక్కా కుడుతున్నాను నీ ఎదురుగా. ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా?" అంది. వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యే వేళకి అన్నయ్యని ఇంటికి తెచ్చారు. వదిన పనికి పోవాలి, ఆయనకి పగలంతా మనిషి కావాలి. అమ్మాయి తన బట్టలు ఒక సంచిలో పెట్టుకుంది. గొడవ పడలేదు, నన్ను ఒక్క మాట అడగలేదు. "మావయ్య దగ్గర ఉంటానమ్మా," అంది, అంతే. మామగారు ఆ సంచి వైపు చూసి, నా వైపు చూసి, దాని గొడుగు తెచ్చి దాని చేతికి ఇచ్చారు.

సార్ ఇంట్లో పని మానలేదు నేను. మానితే మామగారి మందులెలా? అమ్మగారు అప్పుడప్పుడు అంటారు, "చూశావా, ఆ రోజు నేను చెప్పబట్టి," అని. అవునండీ అంటాను. బొమ్మ ఊరికి అద్దాల పెట్టె చేయించారు. ఇప్పుడు పైన అద్దం తుడిస్తే చాలు.

మా రెండు ఇళ్ళకీ గోడ ఒకటే. అమ్మాయి అటువైపు దగ్గితే నాకు వినిపిస్తుంది. తడిసిందా, తిందా, జ్వరమా అని గోడకి చెవి పెడతాను. అది బాగానే ఉంటుంది. నవ్వు కూడా వినిపిస్తుంది. పుస్తకాలేవో చదివి వినిపిస్తుంటుంది ఆయనకి. దాని ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. నేను కోరుకున్నది అదే.

మొన్న వానలో తలుపు చప్పుడైతే తీశాను. అమ్మాయే. చేతిలో చిన్న గిన్నె. గడప ఇవతలికి రాలేదు.

"మావయ్యకి టీ పెట్టాలి. పంచదార నిండుకుంది. కొంచెం ఉంటుందా?"

"ఉంటుందా ఏమిటే? లోపలికి రా, తడిసిపోతున్నావు."

"వద్దులే. పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చాను."

గిన్నె నిండా పోసి ఇచ్చాను. కొంగు కప్పుకుని తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున నేను పనికి బయల్దేరేసరికి మా మెట్టు మీద అదే గిన్నె, మూతపెట్టి ఉంది. మూత తీసి చూశాను. పంచదార. నేను ఎంత పోశానో అంతే.